ప్రారంభోత్సవము తరువాత కట్టడము

ప్రభుత్వ భవనములను గూర్చియు, పెద్ద నిర్మాణములను గూర్చియు మన పత్రికలలో వచ్చు వర్ణనలకు ఒక మూస ఏర్పడియున్నది. శంకుస్థాపన ఎన్నడు జరిగినది, ఎంత వ్యయమైనది, పొడవెంత, వెడల్పెంత, ఎవరు ప్రారంభించిరి - ఈ నాలుగైదు సంగతులతో వర్ణన ముగిసిపోవును. వాస్తుశిల్ప కళాశాలల విద్యార్థులు వ్రాయు ‘కేస్ స్టడీ’లు ఇంతకంటె మేలైనవే. వాటిలో పటములుండును, గాలి వెలుతురుల విచారణ ఉండును, గదుల అమరికను గూర్చి ఆలోచన ఉండును. అయినను అవి కూడ సాధారణముగా కట్టడము క్రొత్తగా ఉన్ననాటి రూపమునకే పరిమితములు. పెండ్లినాటి ఫొటో చూచి ఆ దంపతుల సంసారమును గూర్చి తీర్పు చెప్పుట వంటిది ఈ పద్ధతి.

కట్టడమనగా రాయి, సున్నము, ఉక్కు మాత్రమే కాదు. దానిలోనికి ప్రతిదినము ఏదో ఒకటి వచ్చుచుండును, ఏదో ఒకటి పోవుచుండును. ఆనకట్టకు నీరు వచ్చును, నీటితోపాటు మట్టియు వచ్చును. కర్మాగారమునకు చెఱకు వచ్చును. ఆసుపత్రికి రోగులు వత్తురు. ఈ రాకపోకలను ఎంతవరకు సరిగా ఊహించి కట్టిరో విచారింపనిదే ఆ నిర్మాణము మంచిదో చెడ్డదో చెప్పుటకు వీలులేదు. ఈ విచారణకు నిజామాబాదు, బోధను ప్రాంతము చాల అనుకూలమైనది. 1915 మొదలు 1937 వరకు గల ఇరువది రెండు సంవత్సరములలో అక్కడ మూడు పెద్ద నిర్మాణములు వెలసినవి. ఒకటి డిచ్‌పల్లి కుష్ఠు వైద్యశాల, రెండవది నిజాంసాగరము, మూడవది బోధను వద్ద శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర కర్మాగారము. మూడింటికిని ఇప్పుడు వయస్సు వచ్చినది. తీర్పు చెప్పుటకు తగినంత కాలము గడచినది.

మొదట నిజాంసాగరమును తీసికొందము. 2016 నాటి జిల్లాల పునర్విభజన తరువాత ఇది కామారెడ్డి జిల్లాలోనికి పోయినది గాని, దాని నీటిని నమ్ముకొని వ్యవసాయము చేసినది బాన్సువాడ, బోధను, నిజామాబాదు, ఆర్మూరు ప్రాంతముల రైతులు. గోదావరికి ఉపనదియైన మంజీరపై అచ్చంపేట వద్ద 1923లో పని ప్రారంభమై 1931లో ముగిసినది. ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూరు. ఆయన జన్మదినమగు జులై 11ను తెలంగాణములో ఇంజనీర్ల దినముగా జరుపుచున్నారు.

కట్టడముగా చూచినచో దీనిలో లోపము పట్టుట కష్టము. సుమారు 3 కిలోమీటర్ల పొడవుగల రాతి కట్ట. పైన 14 అడుగుల వెడల్పుగల బాట. నీటి ఒత్తిడిని తన బరువుచేతనే ఎదుర్కొను గురుత్వపు ఆనకట్ట ఇది. ఇచ్చట విద్యార్థులు గమనింపవలసిన సంగతి ఒకటి కలదు. ఆనకట్టపై పడు ఒత్తిడి నీటి లోతునుబట్టి ఉండునేగాని, వెనుక నీరు ఎన్ని మైళ్లు వ్యాపించినదను దానినిబట్టి ఉండదు. ఇరువది మైళ్ల సముద్రమైనను, ఇరువది గజముల గుంటయైనను లోతు ఒకటే అయినచో గోడకు రెండును సమానమే. ఈ లెక్కను ఆనాటి ఇంజనీర్లు తప్పులేకుండ చేసిరి. తొంబది సంవత్సరములు దాటినను కట్ట చెక్కుచెదరలేదు. అక్కడినుండి బయలుదేరిన ప్రధాన కాలువ సుమారు 155 కిలోమీటర్లు నేలవాలును అనుసరించి, ఒక్క యంత్రమైనను లేకుండ, 2,75,000 ఎకరముల ఆయకట్టుకు నీరందించునట్లు ఏర్పాటు చేయబడినది. ఇంత విశాలమైన భూమిని కేవలము భూమ్యాకర్షణ చేతనే తడుపుట సామాన్యమైన పని కాదు.

జలాశయము క్రింద మునుగుటకై సుమారు 40 గ్రామములను ఖాళీ చేయించిరి. వర్ణనలలో ఈ సంగతి ఒక వాక్యమునకు మించి కనబడదు. కట్టడము విస్తీర్ణమును చెప్పువారు అది కప్పిన విస్తీర్ణమును కూడ చెప్పుట న్యాయము.

గోడ లెక్క సరిగా ఉన్నది. తప్పినది మట్టి లెక్క. జలాశయము మొదటి సామర్థ్యము 29.7 టి.ఎం.సి.; ఒక టి.ఎం.సి. అనగా వంద కోట్ల ఘనపుటడుగులు. 1970 దశకము నాటికి ఇది 11.8 టి.ఎం.సి.లకు తగ్గిపోయినది. నలుబది సంవత్సరములు కొంచెము దాటునంతలో జలాశయములో అయిదింట మూడు వంతులు పూడిపోయినదన్నమాట. నిర్మాతలు ఈ ప్రమాదమును ఎరుగనివారు కారు. సాలుకు 530 ఎకరపుటడుగుల ఒండ్రు చేరునని వారు అంచనా వేసియుండిరి. తరువాత కొలిచి చూడగా చేరుచున్నది 8,725 ఎకరపుటడుగులు. అంచనాకు పదహారు రెట్లకు పైగా! ఎకరము నేలపై అడుగు లోతున నిలుచు పరిమాణము ఎకరపుటడుగు, అనగా 43,560 ఘనపుటడుగులు. ఇంత తెలిసినచో ఉన్నత పాఠశాల విద్యార్థి మిగిలిన లెక్కను తానే చేయగలడు. అంచనా నిజమైయున్నచో ఆ జలాశయము పూర్తిగా పూడుటకు దాదాపు 1,290 సంవత్సరములు పట్టవలెను. కొలతనుబట్టి చూచినచో 78 సంవత్సరములు చాలును. ఒకటి రాజవంశముల ఆయుర్దాయము, మరియొకటి ఒక మనుష్యుని ఆయుర్దాయము.

ఇంత మట్టి ఎక్కడిది? మహారాష్ట్రలోని బీడు జిల్లాలో బాలాఘాటు కొండలయందు మంజీర పుట్టి, నల్లరేగడి భూములగుండ ప్రవహించి వచ్చుచున్నది. నిజాంసాగరమునకు ఎగువ దాని పరీవాహక ప్రాంతము రమారమి 21,700 చదరపు కిలోమీటర్లు. పైన చెప్పిన 8,725 ఎకరపుటడుగుల ఒండ్రును ఈ ప్రాంతమంతట సమానముగా పరచినచో దాని మందము సుమారు అర మిల్లీమీటరు. అనగా ప్రతి చేనినుండియు సంవత్సరమునకు అర మిల్లీమీటరు మన్ను కొట్టుకొనివచ్చినదని అర్థము. చేను గలవానికి అది కంటికి ఆనదు. వేయి చేల అర మిల్లీమీటర్లు ఒకచోట చేరినపుడు ఆనకట్ట నిండినది.

నది మట్టిని మోయుటకు కారణము దాని వేగము. వేగము సగమైనచో మోయగల మట్టి సగమగుట కాదు, అంతకంటె చాల తక్కువైపోవును. నది జలాశయములో ప్రవేశింపగానే వేగము దాదాపు పోవును గనుక, ముందు ఇసుక తలవద్దనే దిగిపోయి డెల్టావలె మేట వేయును. సన్నని బంకమట్టి మాత్రము లోనికి పోయి మెల్లగా దిగును. మిల్లీమీటరులో అయిదవ వంతు వ్యాసముగల ఇసుకరేణువు నిశ్చలజలములో ఒక మీటరు దిగుటకు ఒక నిమిషము చాలును. మిల్లీమీటరులో అయిదువందలవ వంతు వ్యాసముగల బంకమట్టి కణమునకు అదే దూరమునకు మూడు దినములు కావలెను. జలాశయములో నీరు నెలల తరబడి నిలిచియుండును గనుక రెండింటికిని దిగుటకు కావలసినంత వ్యవధి ఉన్నది. పెద్ద జలాశయము నీటిని ఎంత బాగుగా పట్టియుంచునో మట్టిని కూడ అంత బాగుగా పట్టియుంచును. దాని గుణమే దాని దోషము.

ఇది ఆనాటికి తెలియని శాస్త్రమని సమర్థించుటకు వీలులేదు. ఈజిప్టులో నైలునదిపై 1902లో పూర్తియైన పాత ఆస్వాను ఆనకట్టలో 180 తూములు అమర్చిరి. బురదతో కూడిన వరదను ఆ తూములగుండ పోనిచ్చి, వరద తగ్గినపిమ్మట వచ్చు తేటనీటిని మాత్రమే నిలువచేయుట వారి పద్ధతి. అట్లయిన నిజాంసాగరములో ఈ పద్ధతి ఎందుకు అవలంబింపలేదని ప్రశ్నించుట సులభమే గాని, సమాధానము కూడ కష్టము కాదు. నైలునది వరద తగ్గిన తరువాత కూడ నెలల తరబడి పుష్కలముగా ప్రవహించును. మంజీరకు ఆ భాగ్యము లేదు. దాని నీరంతయు వానకాలపు కొద్ది నెలలలోనే, అదియు ఎఱ్ఱని వరదలుగానే వచ్చును. బురద వద్దనుకొని వరదను వదలివేసినచో నిలువచేయుటకు నీరే మిగులదు. కావున తూముల విషయమున అలీ నవాజ్ జంగును తప్పుపట్టుట న్యాయము కాదు. తప్పుపట్టవలసినది మరియొక చోట కలదు. అంచనా అను దానిని వేసినవారు ఎప్పటికప్పుడు సరిచూచుకొనవలెను. మన దేశములో జలాశయముల పూడికను క్రమబద్ధముగా కొలుచుట 1958లోగాని మొదలుకాలేదు. అనగా నిజాంసాగరము వయస్సు 27 సంవత్సరములు వచ్చువరకు దేశములో ఇట్టి కొలతకు ఒక పద్ధతియే ఏర్పడలేదు. దుకాణము పెట్టినవాడు ఇరువది ఏడు సంవత్సరములు సరుకు లెక్క చూడకున్న ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు.

తరువాత 1970 దశకములో పూర్తి నీటిమట్టమును సుమారు నాలుగున్నర అడుగులు పెంచి 1,405 అడుగులకు తెచ్చిరి. దానితో సామర్థ్యము 17.8 టి.ఎం.సి.లకు పెరిగినది. నాలుగున్నర అడుగులకే ఆరు టి.ఎం.సి.లా అని ఆశ్చర్యపడువారు జలాశయము గిన్నెవంటిదని జ్ఞాపకముంచుకొనవలెను. అడుగున ఇరుకు, పైన విశాలము. ఆరు టి.ఎం.సి.లను నాలుగున్నర అడుగులచేత భాగించినచో సుమారు 30,600 ఎకరముల వైశాల్యము వచ్చును. పైభాగమున నీరు అంత మేర పరచుకొనునన్నమాట. ఈ చికిత్స తెలివైనదే. కాని దీనికొక వెల ఉన్నది. ఎండకు ఆవిరియగు నీరు నీటి ఉపరితలమునుబట్టి ఉండును, లోతునుబట్టి కాదు. ఉపరితలము తగ్గక లోతు మాత్రము తగ్గినందున, నిలువలో ఆవిరిగా పోవు పాలు మునుపటికంటె హెచ్చినది. పూడిక దోచుకొన్నదిగాక వేసవి కూడ తన వాటాను పెంచుకొన్నది.

అటుపిమ్మట ఎగువన సింగూరు జలాశయము వచ్చినది. 29.9 టి.ఎం.సి.ల సామర్థ్యముతో 1980 దశకములో నిర్మింపబడిన ఈ జలాశయము హైదరాబాదు నగరపు దాహము తీర్చుటకు ఉద్దేశింపబడినది. నిజాంసాగరమునకు రావలసిన నీరు ముందక్కడ ఆగవలసివచ్చినది. మట్టి కూడ అక్కడనే ఆగుచున్నదని ఎవరైన సంతోషింపవచ్చును. నీరు లేని చెరువునకు పూడిక తగ్గినందువలన ఒరుగునదేమి? చివరకు ఆయకట్టు చివరి భూములకై అలీసాగరు, గుత్ప ఎత్తిపోతల పథకములను నిర్మించి, శ్రీరామసాగరము వెనుకజలముల నుండి గోదావరి నీటిని పంపులతో పైకి ఎత్తవలసివచ్చినది. ఒక టి.ఎం.సి. నీటిని ఒక్క మీటరు ఎత్తుటకు, యంత్రములలో నష్టమే లేదనుకొన్నను, సుమారు 77,000 యూనిట్ల విద్యుత్తు కావలెను. ఎన్ని మీటర్లయిన అన్ని రెట్లు. భూమ్యాకర్షణ ఉచితముగా చేసిన పనిని ఇప్పుడు విద్యుచ్ఛక్తి వెలకు చేయుచున్నది. నిజాంసాగరము వర్ణనలో ఈ ఎత్తిపోతలకు చోటు ఉండవలెను. అవి వేరు పథకములు కావు. పాత కట్టడపు లెక్కలో మిగిలిన బాకీలు.

ఈ కాలువ నీటినే నమ్మి 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారమును స్థాపించిరి. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా దీనికి పేరు. మన వాస్తుశిల్ప చర్చలలో చక్కెర కర్మాగారమును భవనముగా పరిగణించువారు అరుదు. యంత్రములపై రేకులు కప్పిన షెడ్డని తలంతురు. ఇది పొరపాటు. చక్కెర కర్మాగారమంత హేతుబద్ధమైన భవనము వేరొకటి దొరకుట కష్టము. దానిలో ప్రతి అంతస్తుకును, ప్రతి ఎత్తునకును భౌతికశాస్త్రములో ఒక కారణమున్నది.

గానుగ విభాగము నేలమీద పొడవుగా ఉండును. ఏలయన చెఱకు ఒకదాని తరువాత ఒకటిగా పలు రోలర్ల జతలగుండ పోవలెను. వచ్చిన రసమును పంపులతో పైకి పంపుదురు. ఆ పిమ్మట అది మెట్టుమెట్టుగా క్రిందికి దిగుచు పాకమై, స్ఫటికములై, చివరకు నేలమీద గోనెసంచులలోనికి చేరును. రసములో నూటికి ఎనుబది పాళ్లకు పైగా నీరే. దానిని ఆవిరిచేయుటకు వరుసగా నాలుగు పాత్రలుండును. మొదటి పాత్రలోని రసమునుండి లేచిన ఆవిరియే రెండవదానికి వేడినిచ్చును, దాని ఆవిరి మూడవదానికి, అట్లే నాలుగవదానికి. ఒక కిలో ఆవిరితో దాదాపు నాలుగు కిలోల నీటిని తొలగింపవచ్చును. ఈ ఉపాయమును కనిపెట్టినవాడు అమెరికాలోని లూసియానాకు చెందిన నార్బెర్ట్ రిల్యూ అను ఆఫ్రికను సంతతి ఇంజనీరు. 1843లో పేటెంటు పొందెను. నేడు పాలపొడి మొదలు ఉప్పు వరకు ఎన్నో పరిశ్రమలకు ఆయన ఋణమున్నది.

చక్కెర పాకమును మామూలుగా కాచినచో మాడిపోవును. అందుచేత మూసిన పాత్రలో గాలిని తీసివేసి, తక్కువ ఒత్తిడిలో, సుమారు 65 డిగ్రీల వేడిమియందే మరిగింతురు. ఈ శూన్యపాత్రలు భవనములో అన్నిటికంటె పై అంతస్తులోనే ఎందుకుండవలెను? మొదటి కారణము సులభమైనది: చిక్కని పాకము తన బరువుచేత తానే క్రిందికి దిగవలెను. రెండవది వినోదకరమైనది. పాత్రనుండి వచ్చు ఆవిరిని చన్నీటితో చల్లార్చి శూన్యమును నిలుపుదురు. ఆ నీరు గొట్టముగుండ క్రిందికి పోవలెను గాని, బయటి గాలి ఆ గొట్టముగుండ లోనికి రాకూడదు. శూన్యములోనికి వాతావరణపు ఒత్తిడి నీటిని సుమారు 34 అడుగుల ఎత్తువరకు నెట్టగలదు. కనుక గొట్టము అంతకంటె పొడవుగా ఉండి తీరవలెను. టారిసెల్లి 17వ శతాబ్దమున పాదరసముతో చేసిన ప్రయోగమే ఇది. అనగా ఈ భవనము ఎత్తును నిర్ణయించినది శిల్పి అభిరుచి కాదు, మన తలపైనున్న గాలి బరువు. బారోమీటరు పాఠము చెప్పు ఉపాధ్యాయునకు ఇంతకంటె పెద్ద పరికరము దొరకదు.

ఇంధనము విషయమున కూడ ఇట్టి పొందికయే కనబడును. ఆడిన చెఱకులో నూటికి ముప్పది పాళ్లు పిప్పిగా మిగులును. ఆ పిప్పినే బాయిలర్లలో మండింతురు. కర్మాగారము తన కట్టెలను తానే తెచ్చుకొను వంటయిల్లు. ఇక స్థలనిర్ణయము: నరికిన చెఱకులో చక్కెర నిలువయుండదు. ఎంజైములు, సూక్ష్మజీవులు దానిని స్ఫటికములు కట్టని చక్కెరలుగా మార్చివేయును. ఒక దినములోపల ఆడుట మేలు. కావున గానుగ చెఱకుతోటల నడుమనే ఉండవలెను. అందువలన బోధను పొలములలోనికి రైలు శాఖ వచ్చినది. కార్మికుల క్వార్టర్లు, పాఠశాల, వైద్యశాల వచ్చి ఒక ఊరే ఏర్పడినది. ‘శక్కర్’ అను పేరే ఆ ఊరికి నిలిచినది.

దీని లోపము కూడ ఈ పొందికలోనే కలదు. ఒక్క చెఱకు ప్రవాహమునకు ఇంత బిగువుగా అమర్చిన భవనము ఆ ప్రవాహము తగ్గినచో మరి దేనికిని పనికిరాదు. పాత కచేరీని బడిగా మార్చవచ్చును, కోటను చెరసాలగా మార్చవచ్చును. శూన్యపాత్రల అంతస్తులో బడి నడపలేము. 2002లో కర్మాగారమునందలి 51 శాతము వాటా ప్రైవేటు సంస్థకు పోయినది. 2015 డిసెంబరు 23న లే-ఆఫ్ ప్రకటింపబడి పని ఆగిపోయినది. దీనికి పరిపాలనా కారణములు, ధరల కారణములు అనేకము కలవు. వాటిని ఆర్థికశాస్త్రజ్ఞులు విచారింతురు. కట్టడమును విచారించువారు అడుగవలసిన ప్రశ్న వేరు. సంవత్సరము పొడవున నీరు కోరు పంటను ఆధారముగా చేసికొన్న భవనము, నిలువ సగము పోయిన జలాశయముపై ఎంతకాలము ఆధారపడగలదు?

2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వము కర్మాగార పునరుద్ధరణను పరిశీలించుటకు ఒక సంఘమును నియమించినది. ఇట్టి చర్చలలో సాధారణముగా యంత్రముల స్థితి, బ్యాంకు బాకీలు ముందునకు వచ్చును. లెక్క మాత్రము చేనినుండి మొదలుకావలెను. ఉదాహరణకు, దినమునకు 3,000 టన్నులు ఆడు గానుగ 120 దినములు నడువవలెనన్నచో 3,60,000 టన్నుల చెఱకు కావలెను. ఎకరమునకు 30 టన్నులు పండుననుకొన్నచో 12,000 ఎకరములు. చెఱకునకు పంటకాలమంతయు కలిపి ఆరు అడుగుల లోతు నీరు కావలెననుకొన్నచో 72,000 ఎకరపుటడుగులు, అనగా మూడు టి.ఎం.సి.లకు పైగా. అందులో కొంత వానవలన వచ్చును. మిగిలినది కాలువ ఇయ్యవలెను, లేదా బోరుబావులు ఇయ్యవలెను. ఈలోగా కాలువ క్రింది రైతులు వరికిని పసుపునకును మరలిపోయిరి. ఏడాదికొకసారి ఆడు చెఱకుకంటె ఏడాదికి రెండుమార్లు చేతికివచ్చు వరిని రైతు వదులుకొనవలెనన్నచో, గానుగ తలుపు తెరచుట ఒక్కటే చాలదు. వరి నీటిని తక్కువగా త్రాగునని దీని అర్థము కాదు సుమా! వరి కాలువ వచ్చినప్పుడు త్రాగును. చెఱకు కాలువ రానప్పుడు కూడ త్రాగవలెను. ఈ భేదమే అసలు చిక్కు. ఒకనాడు తప్పిన మట్టి లెక్కవలె ఈ నీటి లెక్క తప్పరాదు. తప్పినచో ఈమారు నష్టపోవువారు ముందే ఒకమారు నష్టపోయిన కార్మికులును, రైతులును.

డిచ్‌పల్లి కథ దీనికి పూర్తిగా భిన్నమైనది. స్కాట్లండు నుండి వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్, నిజామాబాదుకు చెందిన రాజా నర్సాగౌడు విరాళముతో 1915లో అక్కడ విక్టోరియా కుష్ఠు వైద్యశాలను నెలకొల్పిరి. ఆనాడు ఆ వ్యాధికి తిరుగులేని మందు లేదు. చాల్‌మూగ్ర జాతి నూనెలను సూదిద్వారా ఎక్కించుటయే చికిత్స. మందు బలహీనమైనపుడు కట్టడమే మందుగా పనిచేయవలెను. అందుచేత పెద్ద వార్డులకు బదులు విశాలమైన ఆవరణలో చిన్న చిన్న ఇండ్లు అనేకము కట్టిరి. రోగి అక్కడ ఏండ్ల తరబడి ఉండవలసినవాడు గనుక అది ఆసుపత్రియు కావలెను, ఊరును కావలెను. ఊరు వెలివేసినవానికి ఇల్లు కట్టియిచ్చుట ఆనాడు చిన్న సంగతి కాదు. ఇక్కడ పనిచేసిన వైద్యుడు జాన్ లో తరువాత నైజీరియాలో డాప్సోను మాత్రలను పరీక్షించి, అవి కుష్ఠునకు పనిచేయునని నిరూపించినవారిలో ఒకడు. 1982లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పలు మందులను కలిపి ఇచ్చు చికిత్సను సిఫారసు చేసినది. 2005 డిసెంబరు నాటికి భారతదేశమున రోగులు పదివేల జనాభాకు ఒక్కరికంటె తక్కువైరి. వ్యాధి పూర్తిగా పోలేదు. కాని రోగిని వేరుగా ఒక ఊరిలో ఉంచవలసిన అవసరము పోయినది. ఇంటివద్దనే ఉండి మాత్రలు మ్రింగవచ్చును. డిచ్‌పల్లి ఇండ్లు ఏ అవసరమునకై పుట్టినవో ఆ అవసరమే వైద్యశాస్త్రమువలన తీరినది. ఒక కట్టడమునకు ఇంతకంటె గౌరవమైన ముగింపు ఉండదు. బయటనుండి చూచువానికి మాత్రము ఖాళీ గది ఖాళీ గదివలెనే కనబడును. గానుగలోని ఖాళీకిని, ఈ ఖాళీకిని భేదము గోడలను కొలిచినందువలన తెలియదు.

ఇక క్రొత్తవాటి సంగతి. 2022 సెప్టెంబరు 5న నిజామాబాదులో సమీకృత కలెక్టరేటు భవనము ప్రారంభమైనది. పలుచోట్ల చెదరియున్న కార్యాలయములను ఒకచోట చేర్చుట ప్రజలకు మేలైన పనియే. రాష్ట్రములోని అనేక జిల్లాలలో ఇంచుమించు ఒకే నమూనాలో ఇట్టి భవనములు లేచినవి. వీటిని గూర్చి కూడ వ్యయము, వైశాల్యము, గదుల సంఖ్య పత్రికలలో వచ్చినవి. ఇవి ఇంకను పసివి గనుక, ఇప్పుడే కొలుచుట మొదలుపెట్టినచో నిజాంసాగరము విషయమున జరిగిన ఆలస్యము జరుగదు. నిజామాబాదు 18.7 డిగ్రీల ఉత్తర అక్షాంశముపై ఉన్నది. జూన్ 21న మధ్యాహ్నము సూర్యుడు అక్కడ నడినెత్తికి దాదాపు అయిదు డిగ్రీలు ఉత్తరముగా ఉండును. డిసెంబరు 22న దక్షిణమున 48 డిగ్రీల ఎత్తున మాత్రమే ఉండును. మూడు అడుగుల చజ్జా దక్షిణపు కిటికీకి డిసెంబరు మధ్యాహ్నమున సుమారు మూడడుగుల నాలుగంగుళముల నీడనిచ్చును; మార్చి 21న దాదాపు తొమ్మిది అడుగుల నీడనిచ్చును. పడమటి గోడకు మాత్రము ఏ చజ్జాయు చాలదు, ఏలయన సాయంకాలపు ఎండ అడ్డముగా వచ్చును. ఒకే నమూనాను ఒకచోట తూర్పుముఖముగాను, వేరొకచోట ఉత్తరముఖముగాను నిలిపినచో ఏ గదిలో ఎంత విద్యుత్తు ఖర్చగుచున్నదో మీటర్లే చెప్పును. కావలసినదల్లా నెలనెలా ఆ అంకెలను వ్రాసియుంచు ఒక పుస్తకము.

పాఠశాలలు చేయదగిన కొలతలు కూడ కలవు. వానకాలములో, నిజాంసాగరపు తలవద్ద నదినీరు ఒక సీసా, బోధను వద్ద కాలువనీరు ఒక సీసా తెచ్చుకొనవలెను. వరద సమయమున పిల్లలను నది ఒడ్డునకు పంపరాదు. ఉపాధ్యాయుడే వంతెన మీదినుండి బొక్కెన వదలి తెచ్చుట మంచిది. రెండు సీసాలును ఒకే కొలతవిగా ఉండవలెను. ఒక జాము గడచునప్పటికే ఇసుక అడుగున చేరును. బంకమట్టికి మాత్రము, సీసాలో నీరు 20 సెంటీమీటర్ల ఎత్తున్నదనుకొన్నను, పదిహేను గంటలకు తక్కువ కాదు. రెండు దినములు కదలింపక ఉంచుట మేలు. ఆ పిమ్మట పైనీటిని వంచివేసి, అడుగు మట్టిని ఎండబెట్టి, ప్రయోగశాల త్రాసులో తూచవలెను. రెండు బరువులకు గల తేడాయే ఆ దినమున లీటరుకు ఎంత మట్టి జలాశయములో ఉండిపోయినదో తెలుపును. తేదీతో సహా ఆ అంకెను గోడమీది పట్టికలో వ్రాసి, మరుసటి వానకాలములో మరల అదే చోట సీసాలు నింపవలెను.